కళ్లజోడుకు స్ప్రింగు నోస్‌ప్యాడ్లు: కొలత నుంచి పరీక్ష దాకా

సాయంత్రం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టినప్పుడు మా నాన్నగారి ముక్కుకు రెండు పక్కలా చింతగింజంత గుంటలు నల్లగా కనిపించేవి. వేసవిలో హైదరాబాదు చిక్కడపల్లి మార్కెట్ నుంచి రెండు చేతులా సంచులతో ఆయన నడిచి వస్తుంటే, చెమటకు కళ్లజోడు ముక్కు కొస దాకా జారేది. చేతులు ఖాళీ లేక, భుజం ఎత్తి ముఖాన్ని దానికి ఆనించి పైకి నెట్టుకునేవారు. దుకాణంలో ముక్కుకు ఆనే ప్యాడ్లను దగ్గరికి వంచితే గుంటలు లోతయ్యేవి, ఎడంగా వంచితే మళ్లీ జారేది. ఈ రెంటి మధ్య సరైన స్థానం ఉన్నప్పటికీ, ఆయన ముక్కు దూలం చదునుగా ఉండడం వల్లా, వంచిన లోహం వంచిన చోటే ఉండిపోవడం వల్లా, అది నాలుగు రోజులకు మించి నిలిచేది కాదు.

బాలానగర్‌లో జిగ్గులు, ఫిక్స్చర్లు (తయారీలో పని ముక్కను కదలకుండా సరైన చోట పట్టి ఉంచే సాధనాలు) తయారు చేసే పనిలో ఉన్నవాడిని కాబట్టి, వంచిన కడ్డీకి బదులు స్ప్రింగు మీద కదిలే ప్యాడ్లను పెడదామని పూనుకున్నాను. మూడు నమూనాలు పాడయ్యాక నాలుగోది నిలబడింది. స్ప్రింగును గట్టిగా నొక్కడానికి వాడితే ఆ పని చెడుతుందనీ, తక్కువ బలంతో ముక్కు ఆకారాన్ని వెన్నంటి ఉండేలా వాడితేనే కుదురుతుందనీ ఈ క్రమంలో తెలిసింది. కింది లెక్కలూ కొలతలూ అన్నీ ఆ ఒక్క విషయాన్ని అమలు చేయడానికే.

పని మొదలుపెట్టే ముందు చెవుల మీదికి వెళ్లే కాడలను చూడాలి. కాడ వంపు చెవి పైభాగం దాటిన వెంటనే మొదలై, చెవి వెనుక ఎముకను ఒరుసుకోకుండా ఆనుకుని ఉండాలి. ఆ వంపు వెనక్కి పోయి ఉంటే కళ్లజోడు ముందుకు జారుతుంది, దానికి ముక్కు దగ్గర ఏ స్ప్రింగు పెట్టినా ప్రయోజనం ఉండదు. జారుడు ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం కాడల్లోనే ఉంటుందని నా అభిప్రాయం. కాడలు సరిచేయించిన తరువాత కూడా ఇబ్బంది మిగిలితేనే ముందుకు వెళ్లాలి.

ఎంత బలం కావాలి

ముక్కును స్ప్రింగుతో పట్టుకునే ఆలోచన పాతదే. పందొమ్మిదో శతాబ్దంలో కాడలు లేని కళ్లజోళ్లు, ఫ్రెంచి భాషలో ‘ముక్కును నొక్కేది’ అనే అర్థం వచ్చే పాన్స్‌నే అన్న పేరుతో, విరివిగా వాడుకలో ఉండేవి. అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్, రష్యన్ రచయిత చెహోవ్ వాటిని ధరించిన ఛాయాచిత్రాలు ప్రసిద్ధమే. వాటిలో మొత్తం బరువును ముక్కే మోయాలి కాబట్టి స్ప్రింగు బలంగా ఉండక తప్పేది కాదు. మన కళ్లజోడుకు కాడలు ఉన్నాయి కనుక అంత బలం మనకు అవసరం లేదు, అయితే ఎంత అవసరమో లెక్క కట్టి తెలుసుకోవాలి.

అద్దాలతో కలిపి కళ్లజోడు బరువు 28 గ్రాములు అనుకుందాం. చెవులు కొంత మోసినా, పెద్ద భాగం ముక్కు మీదే పడుతుంది కాబట్టి ముక్కు వాటాను 25 గ్రాములుగా తీసుకుంటాను. ఎదుటి నుంచి చూసినప్పుడు ముక్కు పక్కగోడలు నిలువుగా ఉండవు, సుమారు 20 డిగ్రీల వాలుతో కిందికి వెడల్పవుతాయి. ఆ వాలు మీద రెండు ప్యాడ్లు చీలలా కూర్చుంటాయి. ఒరిపిడి ఏమాత్రం లేదనుకుంటే, 25 గ్రాములను నిలబెట్టడానికి ఒక్కో ప్యాడు ముక్కును దాదాపు 37 గ్రాముల బరువుతో నొక్కాలి. ఒరిపిడి ఎంత ఉందో చెప్పే అంకె, అంటే ఒరిపిడి గుణకం, 0.3 ఉంటే 20 గ్రాములు చాలు. అంటే పొడి ముక్కుకు 20, చెమటతో జారే ముక్కుకు 37, ఈ రెంటి మధ్యలోనే స్ప్రింగు బలం ఉండాలి. నేను 30 గ్రాములను లక్ష్యంగా పెట్టుకున్నాను.

ఇక పై హద్దును చర్మం నిర్ణయిస్తుంది. చర్మంలోని అతి సన్నని రక్తనాళాల్లో పీడనానికి గుర్తుగా వైద్యులు చాలాకాలంగా 32 మిల్లీమీటర్ల పాదరసం (రక్తపోటును చెప్పే కొలమానమే) అన్న అంకెను వాడుతున్నారు. అంతకు మించిన ఒత్తిడి గంటల తరబడి ఒకే చోట పడితే అక్కడ రక్తప్రసారం మందగిస్తుంది. పొడవు 13, వెడల్పు 7 మి.మీ. ఉన్న అండాకారపు ప్యాడు మీద 30 గ్రాములు పడితే పీడనం సుమారు 31 మి.మీ. పాదరసం అవుతుంది, అంటే సరిగ్గా అంచు మీద ఉంటుంది. అదే 15, 8 మి.మీ. ప్యాడు అయితే 23కు తగ్గుతుంది. ఏడో వంతు కొలత పెంచితే నాలుగో వంతు ఒత్తిడి తగ్గుతోంది కాబట్టి, ముఖం మీద ఎబ్బెట్టుగా లేనంత వరకూ పెద్ద ప్యాడునే ఎంచుకోవాలి. అయితే ప్యాడు మొత్తం చర్మానికి ఆనితేనే ఈ లెక్క నిజమవుతుంది. ఒక అంచు మాత్రమే తగిలితే 30 గ్రాములూ ఆ అంచు మీదే పడి గుంట పడుతుంది. ప్యాడు తన కీలు మీద అటూ ఇటూ పది డిగ్రీల దాకా స్వేచ్ఛగా వాలగలగడం అందుకే తప్పనిసరి. మామూలు స్క్రూ ప్యాడ్లలో, ప్యాడు వెనుక ఉన్న చిన్న డబ్బీలో కాస్త వదులు ఉంటుంది. దుకాణాల్లో కొందరు అది లోపమనుకుని బిగించేస్తారు, కానీ ఆ వదులు కావాలనే పెట్టినది.

నా మొదటి నమూనా ఈ రెండు అంకెలనూ పట్టించుకోకుండా చేసినది. చేతికందిన 0.5 మి.మీ. తీగతో స్ప్రింగు చుట్టి, 13 మి.మీ. ప్యాడ్లు పెట్టాను. తరువాత తూచి చూస్తే ఒక్కో ప్యాడు 75 గ్రాములతో నొక్కుతోంది, అంటే 77 మి.మీ. పాదరసం దాకా ఒత్తిడి. నాన్నగారు మొహమాటానికి గంటసేపు పెట్టుకున్నారు, ఆ గుర్తులు మాత్రం రాత్రి భోజనాల దాకా పోలేదు.

ముక్కు కొలత

మెత్తటి అల్యూమినియం తీగ ఒక అడుగు చాలు. కళ్లజోడు దూలం కూర్చునే చోట, ముక్కు మీదుగా చర్మం నొక్కుకోకుండా దాన్ని వంచి, ఆకారం చెడకుండా తీసి, గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో గీసుకోవాలి. అంతకు 5 మి.మీ. కిందా, 10 మి.మీ. కిందా ఇలాగే మరో రెండు గీతలు తీసుకోవాలి. సీసం కలిసిన టంకం తీగను ముఖం దగ్గర వాడకూడదు. ఈ మూడు గీతలను ఒకదాని కింద ఒకటి పెట్టి చూస్తే ఎదుటి వాలు ఎంతో, పైనుంచి చూసినప్పుడు ముక్కు గోడలు బుగ్గల వైపు తెరుచుకునే కోణం ఎంతో తెలుస్తాయి. రెండు పక్కలూ సమానంగా ఉంటాయని ముందే అనుకోకూడదు. మా నాన్నగారికి కుడి పక్క 3 డిగ్రీలు ఎక్కువ వాలుగా ఉంది, చాలామందికి ఇలాంటి తేడా ఎంతో కొంత ఉంటుంది.

ప్యాడు కూర్చోవలసిన చోటును వేలితో తడిమి గుర్తించాలి. పైన గట్టిగా తగిలేది ఎముక, కిందికి వచ్చేకొద్దీ మెత్తగా కదిలేది మృదులాస్థి. ప్యాడు ఎముక మీదే ఆనాలి. మృదులాస్థిని రెండు వైపులా నొక్కితే ఊపిరి దారి సన్నబడుతుంది. ముక్కుకు ఈమధ్య దెబ్బ తగిలినవారు, శస్త్రచికిత్స చేయించుకున్నవారు దీన్ని వాడకూడదు. ప్యాడు ఆనే చోట వారాల తరబడి మానని పుండు గానీ, గట్టిపడి పెరుగుతున్న చర్మం గానీ ఉంటే ముందు చర్మవైద్యునికి చూపించాలి.

కాడ లోపలి వైపు అచ్చువేసిన అంకెల్లో, ఉదాహరణకు 52, 18, 140 అని ఉంటే, మధ్యలోని 18 రెండు అద్దాల మధ్య దూరాన్ని మిల్లీమీటర్లలో చెబుతుంది. గ్రాఫు మీది ముక్కు వెడల్పును దీనిలోంచి తీసివేసి రెండుతో భాగిస్తే, ఒక్కో వైపు కీలుకూ ప్యాడుకూ మిగిలే చోటు వస్తుంది. అది కనీసం 3 మి.మీ. లేకపోతే ఆ ఫ్రేము ఈ పనికి రాదు, వేరేది వెతుక్కోవాలి.

స్ప్రింగు

తక్కువ బలమూ ఎక్కువ కదలికా ఒకేచోట కావాలంటే స్ప్రింగు మెత్తగా ఉండి, ముందే కొంత వంగి ఉండాలి. ఒక ఉదాహరణ చెబుతాను. మిల్లీమీటరు కదలికకు 60 గ్రాములు మారే బిరుసు స్ప్రింగును అర మిల్లీమీటరు వంచి పెడితే 30 గ్రాములే వస్తాయి. కానీ ముక్కు అర మిల్లీమీటరు వెడల్పయితే అది 60 అవుతుంది, అర మిల్లీమీటరు సన్నబడితే సున్నా అవుతుంది. అదే మిల్లీమీటరుకు 10 గ్రాములు మారే మెత్తటి స్ప్రింగును 3 మి.మీ. ముందుగా వంచి పెడితే కూడా 30 గ్రాములే వస్తాయి, అర మిల్లీమీటరు అటూ ఇటూ అయితే 25 నుంచి 35 మధ్యనే ఉంటుంది. చర్మానికి ఈ తేడా చాలా పెద్దది.

ముక్కు దగ్గర ఉన్న కొద్దిపాటి చోటులో అంత మెత్తదనం సూటి తీగతో రాదు. 0.4 మి.మీ. స్టెయిన్‌లెస్ తీగను సూటిగా వాడితే 19 మి.మీ. పొడవు కావాలి, అంత చోటు ఉండదు. అందువల్ల బట్టల క్లిప్పులో ఉన్నట్టు చుట్టలు చుట్టి, రెండు చివరలనూ చేతుల్లా చాచిన స్ప్రింగును వాడాలి. చుట్ట మధ్య వ్యాసం 2.5 మి.మీ., అయిదు చుట్లు, ఇరుసు నుంచి ప్యాడు దాకా చేయి పొడవు 8 మి.మీ. ఉంటే, 0.4 మి.మీ. స్టెయిన్‌లెస్ స్ప్రింగు తీగ మిల్లీమీటరుకు దాదాపు 10 గ్రాములు ఇస్తుంది. 30 గ్రాములకు కావలసిన ముందు వంపు సుమారు 23 డిగ్రీలు. అప్పుడు తీగ లోపల పుట్టే ఒత్తిడి దాని సత్తువలో కొద్ది భాగమే కాబట్టి, రోజూ పదిసార్లు తీసి పెట్టినా త్వరగా అలసిపోదు.

తీగ మందం విషయంలో మాత్రం నూరో వంతు మిల్లీమీటరు కూడా లెక్కే. స్ప్రింగు బిరుసు మందం నాలుగో ఘాతం ప్రకారం మారుతుంది. 0.4 బదులు 0.5 వాడితే బిరుసు 2.44 రెట్లవుతుంది. నా మొదటి నమూనా పాడయింది ఇక్కడే. రాణిగంజ్‌లో తీగ కొనేటప్పుడు చుట్ట మీద రాసిన అంకెను నమ్మకుండా, మైక్రోమీటరు వెంట తీసుకువెళ్లి మూడు చోట్ల కొలుచుకోవాలి.

చుట్టడానికి 1.8 మి.మీ. డ్రిల్ బిట్టు కాండాన్ని ఇరుసుగా వాడవచ్చు. తీగ వదలగానే కొంత వెనక్కి విచ్చుకుంటుంది కనుక, కావలసిన లోపలి వ్యాసం కంటే చిన్న ఇరుసు మీదే చుట్టాలి. నాలుగైదు చుట్టి చూస్తే మీ తీగకు ఎంత తగ్గించాలో తేలుతుంది. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకునే ఈ పని చేయాలి, చేయి జారిన తీగ కొస ఎటు ఎగురుతుందో చెప్పలేము. చుట్టిన తరువాత 315 నుంచి 345 డిగ్రీల సెల్సియస్ మధ్య అరగంట వేడిచేస్తే చుట్టేటప్పుడు పుట్టిన లోపలి ఒత్తిళ్లు సడలి, ఆకారం నిలుస్తుంది. ఇంటి ఓవెన్‌లో ఈ వేడి రాదు. బాలానగర్, జీడిమెట్ల పారిశ్రామికవాడల్లో హీట్ ట్రీట్‌మెంట్ చేసేవారిని అడిగి, వారి సరుకుతో పాటు ఒక చిన్న డబ్బాలో పెట్టించుకోవడం తేలిక. స్ప్రింగును అమర్చేటప్పుడు, బరువు పడితే చుట్టలు ఇంకా బిగిసే దిశలోనే పెట్టాలి. విచ్చుకునే దిశలో పెడితే తొందరగా బలం కోల్పోతుంది.

సర్దుబాటు స్క్రూ, రెండు అడ్డులు

సర్దుబాటునూ స్ప్రింగునూ వేరువేరుగా ఉంచడం ఈ రూపకల్పనలో కీలకమైన నిర్ణయం. స్ప్రింగు చుట్టనూ, 1.6 మి.మీ. ఇరుసునూ పట్టే చిన్న శనగగింజంత డబ్బీ ఒకటి ఫ్రేముకు అంటుకుని ఉంటుంది. ప్యాడు చేయి ఆ ఇరుసు మీద తిరుగుతుంది. చేయి ముక్కు వైపు వచ్చినప్పుడు ఒక 1.4 మి.మీ. స్క్రూ కొసకు తగిలి ఆగుతుంది. కళ్లజోడు తీసి ఉన్నప్పుడు కూడా స్ప్రింగు 23 డిగ్రీల వంపులోనే నిలిచి ఉండేది ఈ అడ్డు వల్లనే. ఈ స్క్రూ మరల మధ్య దూరం 0.3 మి.మీ. స్క్రూ ఇరుసుకు 4 మి.మీ. దూరంలో, ప్యాడు 8 మి.మీ. దూరంలో ఉంటాయి కాబట్టి, ఒక పూర్తి చుట్టుకు ప్యాడు 0.6 మి.మీ. కదులుతుంది, పావు చుట్టుకు 0.15 మి.మీ. స్క్రూ తిప్పినందువల్ల స్ప్రింగు బలం మారేది మిల్లీమీటరుకు 10 గ్రాముల చొప్పునే కనుక, వెడల్పును నిశ్చింతగా సర్దుకోవచ్చు. సర్దిన తరువాత స్క్రూ తల మీద ఒక చుక్క నెయిల్ పాలిష్ వేస్తే కదలదు, కావలసినప్పుడు గీరి తీసేయవచ్చు.

బయటి వైపు రెండో అడ్డు తప్పక ఉండాలి. దీని ప్రాముఖ్యం నాకు మూడో నమూనా దాకా బోధపడలేదు. ముక్కు వాలు 20 డిగ్రీలు అయినప్పుడు, ఒక్కో ప్యాడు 1 మి.మీ. బయటికి జరిగితే కళ్లజోడు 2.7 మి.మీ. కిందికి దిగుతుంది. దూరపు చూపు మాత్రమే ఉన్న అద్దాలకు అది పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు గానీ, బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాల్లో చదువుకునే భాగం అంత కిందికి పోతే పుస్తకం చూడడానికి గడ్డం పైకెత్తాల్సి వస్తుంది. అందుచేత మామూలు అద్దాలకు ప్యాడు కదలికను లోపలి అడ్డు నుంచి బయటి అడ్డు దాకా 0.8 మి.మీ.కూ, ప్రోగ్రెసివ్ అద్దాలకు 0.3 మి.మీ.కూ పరిమితం చేశాను. 0.3 అయితే దిగుడు సుమారు 0.8 మి.మీ. మాత్రమే. పక్కకు జరగడం కూడా పవరు ఎక్కువున్నవారికి లెక్కలోకి వస్తుంది. 5 పవరు అద్దం 1 మి.మీ. పక్కకు జరిగితే కంటి ముందు అర ప్రిజం డయాప్టరు (అద్దం చూపును పక్కకు ఎంత మళ్లిస్తుందో చెప్పే కొలమానం) ప్రభావం ఏర్పడుతుంది. రెండు వైపులా స్ప్రింగులు సమానంగా ఉండాలనేది ఇందుకే. వాటిని జతగా, ఒకే తీగ ముక్క నుంచి చుట్టుకోవాలి.

డబ్బీని మొదట రెజిన్‌తో త్రీడీ ప్రింటు చేయించి చూసుకోవడం మంచిది. రాయదుర్గంలో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్ అనే కేంద్రం ఇలాంటి నమూనాల తయారీ కోసం ఏర్పడినదే. ఆకారం ఖాయమయ్యాక లోహంలో చేయించాలి. ఫ్రేముకు అతికించే పనిని చిన్న మంటతో వెండి టంకం వేసే కంసాలి చక్కగా చేస్తాడు. అద్దాలు తీసేసిన తరువాతే ఇవ్వాలి. టైటానియం ఫ్రేమును మాత్రం ఇలా మామూలు మంట మీద అతికించడం కుదరదు, దానికి ఆర్గాన్ వాయువు నడుమ వెల్డింగు కావాలి. మొదటి ప్రయత్నానికి పాత స్టెయిన్‌లెస్ ఫ్రేమును వాడుకోవాలి. అదనంగా చేరే బరువు రెండు వైపులా కలిపి 2 గ్రాములు దాటకుండా చూడాలి.

ప్యాడ్లకు సిలికాన్ మేలు. మెత్తగా ఉంటుంది, పట్టు ఎక్కువ. చెమటకూ జిడ్డుకూ కొన్ని నెలల్లో పసుపు రంగు తిరుగుతుంది కాబట్టి మార్చుకోవడానికి వీలైన రకమే తీసుకోవాలి. చర్మానికి తగిలే ఏ లోహ భాగంలోనూ నికెల్ సిల్వర్ (పేరుకే సిల్వర్, నిజానికి రాగి, నికెల్, జింకు కలిసిన లోహం) వాడకపోవడం క్షేమం. అది కొందరికి దురద పుట్టిస్తుంది, పైగా చెమట తగిలితే అందులోని రాగి వల్ల పచ్చటి చిలుము పడుతుంది. బెరీలియం కలిసిన రాగి మంచి స్ప్రింగే అయినా, దాన్ని ఆకురాయితో రాస్తే లేచే ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరం కనుక ఇంట్లో ఆ జోలికి పోకూడదు.

పరీక్ష

బంగారం తూచే చిన్న డిజిటల్ త్రాసు ఒకటి కావాలి. ఫ్రేమును బల్ల అంచుకు క్లాంపుతో బిగించి, ప్యాడు త్రాసు పళ్లెం మీద ఆనేలా పెట్టి, చేయి లోపలి అడ్డు నుంచి అప్పుడే లేచిన క్షణంలో అంకె చూడాలి. అది 27 నుంచి 33 గ్రాముల మధ్య ఉండాలి, కుడి ఎడమల తేడా 2 గ్రాములు మించకూడదు. మించితే స్ప్రింగు చేయిని ఒకటి రెండు డిగ్రీలు వంచి సరిచేయాలి. తరువాత ఉప్పు నీటిలో ముంచిన గుడ్డ చుట్టి రెండు రోజులు ఉంచితే తుప్పూ చిలుమూ ఉంటే బయటపడతాయి. ఇరుసు దగ్గర ఉప్పు గడ్డకట్టి చేయి బిగుసుకుంటుందేమో కూడా చూడాలి. నా మూడో నమూనా ఇలాగే బిగిసింది, ఇరుసు రంధ్రాన్ని 0.05 మి.మీ. పెంచాక ఆ బాధ తీరింది.

ముఖం మీద పరీక్షను పదిహేను నిమిషాలతో మొదలుపెట్టి, ఒక గంట, నాలుగు గంటలు, పూర్తి రోజు అని పెంచాలి. తీసిన ప్రతిసారీ ఎర్రబడిన చోటును వేలితో నొక్కి వదలాలి. తెల్లబడి వెంటనే మళ్లీ ఎర్రబడితే పరవాలేదు, గుర్తు అరగంటకు కూడా తగ్గకపోతే ఆ రోజుకు ఆపేసి, ఏ అంచు నొక్కుతోందో వెతకాలి. ప్యాడు మీద పలచగా కుంకుమ రాసి పెట్టుకుంటే, ముక్కు మీద పడిన ముద్రను బట్టి ప్యాడు పూర్తిగా ఆనుతోందో లేదో ఇట్టే తెలుస్తుంది. మా నాన్నగారి కుడి పక్క మొదట సన్నని నెలవంక గీత మాత్రమే పడింది. ప్యాడు చేయిని ఆ 3 డిగ్రీలు తిప్పాక నిండు అండం ముద్ర పడింది.

మే నెల మధ్యాహ్నం ఆయన ఎప్పటిలాగే మార్కెట్‌కు వెళ్లి వచ్చారు. గుమ్మంలోనే ఆపి స్కేలుతో కొలిచాను, కళ్లజోడు ఒక మిల్లీమీటరు మాత్రమే దిగి బయటి అడ్డు దగ్గర ఆగి ఉంది. సంచులు కింద పెట్టి, ఎడమ వైపు ఇంకొంచెం వదులు చేయమని అడిగారు. పావు చుట్టు తిప్పి, నెయిల్ పాలిష్ చుక్క వేశాను.